నేల కింది వాయువుకు గాజు కాపలా

మా సైన్స్ క్లబ్‌లో ఈసారి చేసిన ప్రయోగానికి ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేకపోయింది. ఒక లోతైన గిన్నెలో చిన్న కొవ్వొత్తి వెలిగించి పెట్టాం. ఒక పెద్ద గ్లాసులో వంటసోడా వేసి నిమ్మరసం పిండాం. బుసబుసమని నురగ పొంగింది. నురగ తగ్గాక, అడుగున ఉన్న ద్రవం ఒలకకుండా గ్లాసును గిన్నె మీదికి మెల్లగా వంచాం. గ్లాసులోంచి ఏమీ పడినట్టు కనబడలేదు. కొవ్వొత్తి మాత్రం ఆరిపోయింది!

గిన్నెలో పడింది కార్బన్ డై ఆక్సైడ్. అది గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. రంగు లేదు, వాసన లేదు. పల్లపు చోట్లకు జారి, అక్కడే నిలుస్తుంది.

ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ అనే సరస్సు ఉంది. దాని అడుగు నీటిలో అగ్నిపర్వత ప్రాంతపు కార్బన్ డై ఆక్సైడ్ కరిగి చేరుతూ వచ్చింది. 1986 ఆగస్టు 21 రాత్రి అది ఒక్కసారిగా పైకి పొంగి లోయల్లోకి దిగింది. 1,700 మందికి పైగా ఊపిరాడక చనిపోయారు. అలాంటి వాయువును ఇప్పుడు కావాలనే నేల కింద దాస్తున్నారని చదివినప్పుడు మేము ఉలిక్కిపడ్డాం. ఎందుకు దాస్తున్నారు? బయటికి వస్తే ఎలా తెలుస్తుంది?

ఎందుకు, ఎక్కడ?

బొగ్గు, చమురు మండించినప్పుడు వెలువడే ఈ వాయువు వాతావరణంలో పేరుకుని భూమిని వేడెక్కిస్తోంది. అందుకే దాన్ని పుట్టినచోటే పట్టి, గట్టిగా అదిమి, లోతైన రాళ్లలోకి పంపుతున్నారు. నార్వే దగ్గర ఉత్తర సముద్రంలోని స్లైప్నర్‌లో ఈ పని 1996లో మొదలైంది. అక్కడ తవ్వితీసే సహజవాయువు నుంచి కార్బన్ డై ఆక్సైడ్‌ను వేరుచేసి, సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల లోతున ఉన్న ఇసుకరాయిలోకి పంపారు. ఏడాదికి దాదాపు 10 లక్షల టన్నులు!

ఇసుకరాయి లోపల పెద్ద గుహ ఏదీ ఉండదు. తడి ఇసుకలో నీరు ఇమిడినట్టు, రాతి రేణువుల మధ్య సన్నని ఖాళీల్లో వాయువు ఇముడుతుంది. సాధారణంగా 800 మీటర్లకన్నా లోతైన చోటునే ఎంచుకుంటారు. అక్కడి ఒత్తిడికి వాయువు దాదాపు ద్రవమంత చిక్కగా మారి తక్కువ చోటు తీసుకుంటుంది. దానిపైన నీరు, వాయువు దాటలేని బంకమట్టి రాయి మూతలా ఉండాలి. కాబట్టి ఈ నిల్వ న్యోస్ సరస్సులాంటిది కాదు. రాతిలో చిక్కిన వాయువు అంతా ఒక్కసారిగా పొంగి బయటపడదు. కానీ బావి గోడల సిమెంటులో పగులు ఉన్నా, ఎప్పుడో వదిలేసిన పాత బావి దగ్గరలో ఉన్నా, కొద్దికొద్దిగా కారే అవకాశం ఉంది. కారడం మొదలైన చోటును తొందరగా పట్టుకోవాలి.

గాజు పోగు ఎలా పసిగడుతుంది?

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్ మనందరికీ తెలుసు. వెంట్రుకంత సన్నని గాజు పోగు అది. దాన్ని కేబుల్‌గా చేసి, బావిలోకి దించే ఇనుప గొట్టం పక్కనే పైనుంచి కిందిదాకా అమరుస్తారు. లేజర్ పెట్టె పైనే ఉంటుంది. బావి లోపల కరెంటుతో పనే లేదు.

లేజర్ నుంచి ఒక చిన్న వెలుగు తునకను పోగులోకి పంపుతారు. దారి పొడవునా గాజు అణువులకు తగిలి, ఆ వెలుగులో అతి కొద్ది భాగం వెనక్కి వస్తుంది. అందులోనూ చాలావరకు రంగు మారకుండా వస్తే, మరీ కొద్ది భాగం రంగు మారి వస్తుంది. దీన్నే రామన్ ఫలితం అంటాం. ఆ మారిన రంగుల్లో ఒకటి, గాజు వేడెక్కితే బలపడుతుంది, చల్లబడితే తగ్గుతుంది. రెండో రంగుతో దాన్ని పోల్చి చూస్తే ఆ చోటి ఉష్ణోగ్రత తెలుస్తుంది.

మరి ఏ చోటు? దానికి చిన్న లెక్క చాలు. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే ఒక మైక్రోసెకనుకు 200 మీటర్లు. వెలుగు 10 మైక్రోసెకన్లకు తిరిగి వచ్చిందనుకుందాం. పోయి రావడానికి కలిపి 2000 మీటర్లు. కాబట్టి అది వచ్చిన లోతు 1000 మీటర్లు. ఇలా ఒక్క పోగే మీటరు మీటరుకూ ఒక థర్మామీటరు అవుతుంది.

అదిమి ఉంచిన కార్బన్ డై ఆక్సైడ్ సందులోంచి కారి వ్యాకోచిస్తే చల్లబడుతుంది. ఆ చోట పోగు చల్లదనాన్ని చూపిస్తుంది. లోతులోని వెచ్చని ద్రవం పైకి పాకితే వెచ్చదనం చూపిస్తుంది. మరో పద్ధతిలో, రంగు మారకుండా వచ్చే వెలుగును గమనించి పోగులోని అతి సూక్ష్మ కంపనాలను కూడా కొలుస్తారు. అంటే పోగు థర్మామీటరే కాదు, చెవి కూడా. జర్మనీలోని కెట్జిన్‌లో 2008 నుంచి 2013 వరకు సుమారు 67,000 టన్నులు నింపినప్పుడు బావుల్లో ఉష్ణోగ్రతను ఇలాంటి పోగులతోనే కొలిచారు. ఆస్ట్రేలియాలోని ఆట్వేలో కంపనాలను వినే పోగులు వాడారు.

అయితే ఒక జాగ్రత్త. పోగు చెప్పేది ఉష్ణోగ్రత, కంపనం మాత్రమే. "వాయువు కారుతోంది" అని అది చెప్పదు. అందుకే నింపకముందే కొలతలు తీసి పెట్టుకుంటారు. తర్వాతి కొలతలను వాటితో పోల్చి, అనుమానం వస్తే నీటి, మట్టి నమూనాలు తీసి నిర్ధారించుకుంటారు. మన జ్వరం కూడా అంతే కదా! థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది, కారణం డాక్టరుగారే కనిపెట్టాలి.

బదిలీల మధ్య రామన్

ఈ పాఠం రాస్తూ మాకు తెలిసిన మరో సంగతి. సి.వి. రామన్ తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రిగారికి విశాఖపట్నంలో అధ్యాపక ఉద్యోగం రావడంతో అక్కడే చదువుకున్నారు. పెద్దయ్యాక 1907లో ఆర్థికశాఖలో చేరి, కలకత్తా, రంగూన్, నాగపూర్‌లకు బదిలీ అవుతూ తిరిగారు. మనలాంటి ఇళ్లలో మాదిరే పెట్టెలు సర్దుకుంటూనే ఆయన పరిశోధన సాగించారు. 1928 ఫిబ్రవరి 28న ఆ ఫలితాన్ని కనుగొన్నారు. మనం ఏటా జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకునేది ఆ రోజునే. ఆనాడు ఆయన చూసిన రంగు మార్పే ఈనాడు నేల కింద కాపలా కాస్తోంది.

మీరూ ప్రయత్నించండి

1. వెలుగు 15 మైక్రోసెకన్లకు తిరిగి వస్తే అది ఎంత లోతు నుంచి వచ్చినట్టు?
2. కొవ్వొత్తి ప్రయోగాన్ని పెద్దల ఎదుట చేయండి. కొవ్వొత్తిని గిన్నె అడుగున కాక ఎత్తుగా నిలబెడితే ఏమవుతుంది? ఎందుకు?
3. మీ ఊరి కింద ఇలాంటి నిల్వ పెడతామంటే, ఒప్పుకునే ముందు మీరు అడిగే మూడు ప్రశ్నలు రాయండి.