ఇందిర కథ రాసిన డాక్టరమ్మ

ఇస్నాపూర్ చుట్టూ కంపెనీలు ఉన్నాయి. పాశమైలారం దగ్గరే. పని కోసం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఇక్కడ కిరాయి ఇళ్లలో ఉంటున్నారు. ఆడవాళ్లు కూడా డ్యూటీకి పోతారు. జీతం తెస్తారు. ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముట్టిస్తారు.

"మా ఇంటి ముచ్చట ఎవరు రాస్తరు?" అంటారు కొందరు.

ఇలాంటి ఇంటి కథనే ఒక డాక్టరమ్మ రాసింది. ఆమె పేరు పి. శ్రీదేవి. 1929లో పుట్టింది. ఆమె నవల పేరు 'కాలాతీత వ్యక్తులు'. నవల అంటే పెద్ద కథ. అది 'తెలుగు స్వతంత్ర' పత్రికలో 1957-58లో వచ్చింది.

కథ విశాఖపట్నంలో మొదలవుతుంది. ఇందిర ఉద్యోగం చేస్తుంది. తండ్రి ఆనందరావు ఆమె సంపాదన మీదే బతుకుతాడు. అదే ఇంట్లో ప్రకాశం కిరాయికి ఉంటాడు. అతను డాక్టరు చదువుతున్నాడు. మంచివాడే. కానీ ఏ సంగతీ గట్టిగా తేల్చుకోలేడు. తర్వాత కల్యాణి అనే చదువుకునే అమ్మాయి కూడా ఆ ఇంటికి వస్తుంది.

ఇందిర ఇంటి బరువు మోస్తుంది. ఆమెకు హాయిగా బతకాలనీ ఉంటుంది. ఒక్కోసారి తన సంగతే చూసుకుంటుంది. ఎదుటివాళ్ల మనసు నొప్పిస్తుంది. లోకం ఇలాంటి పిల్లను చెడ్డది అంటుంది. శ్రీదేవి అట్లా అనలేదు. ఆమెను దేవతనూ చేయలేదు. ఆమె ఎందుకు అట్లా అయ్యిందో చూపించింది. చివరికి ఇందిర ఏడుస్తూ కూర్చోదు. కృష్ణమూర్తిని పెళ్లి చేసుకుంటుంది. తన దారి తానే ఎంచుకుంటుంది.

శ్రీదేవి 1961లో చనిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్లు కూడా నిండలేదు. ఆమె రాసిన నవల ఇదొక్కటే. దాని ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్లు చాలామంది. రాసినామె పేరు తెలిసినవాళ్లు తక్కువ.

కిరాయి, జీతం, వంట, తండ్రీబిడ్డల గొడవ. ఇవన్నీ చిన్న సంగతులు కావు. బతుకంతా వీటిలోనే ఉంది. ఇంటి ముచ్చట కూడా పుస్తకం అవుతుంది. శ్రీదేవి అది చేసి చూపించింది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. సంపాదించే ఆడపిల్ల తన కోసం కొంత ఖర్చు పెట్టుకుంటే తప్పా?
2. మీ ఇంట్లో మీ జీతం ఎవరి చేతిలో ఉంటుంది?
3. మీ ఇంటి ముచ్చట ఒకటి ఐదు వాక్యాల్లో రాయండి.