ఊరు నేర్చిన వైద్యం

ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు పెద్దలు. అయితే ఆ భాగ్యం వైద్యుడు ఒక్కడే ఇవ్వగలిగినది కాదు. ఆసుపత్రికి వచ్చిన రోగి చాలాసార్లు చేతులు కట్టుకొని, భయపడుతూ నిలబడతాడు. తనకు వచ్చిన జబ్బు ఏమిటో, ఇచ్చిన మందు ఎందుకో అడగడానికి జంకుతాడు. సంగతి తెలియనివాడు కాస్త నయం కాగానే మందు మానేస్తాడు. ప్రమాదాన్ని గుర్తించలేని తల్లి బిడ్డను ఆలస్యంగా తీసుకువస్తుంది. ఈ భయాన్ని, ఈ తెలియనితనాన్ని పోగొట్టడం ఎలా? మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ ప్రాంతపు పల్లెలు ఈ ప్రశ్నకు ఒక దారి చూపాయి.

జామ్‌ఖేడ్ అహ్మద్‌నగర్ జిల్లాలోని ఊరు. ఆ జిల్లాకు ఇప్పుడు అహిల్యానగర్ అని పేరు. అది వానలు తక్కువగా పడే కరవు నేల. 1970లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, ఆయన భార్య డాక్టర్ మేబెల్ ఆరోలే అక్కడ సమగ్ర గ్రామీణ ఆరోగ్య పథకాన్ని ప్రారంభించారు. వారిద్దరూ తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదువుకున్నవారు. ఆ రోజుల్లో జామ్‌ఖేడ్ పల్లెల్లో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 176 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు.

ఆసుపత్రి కట్టి రోగుల కోసం ఎదురుచూస్తే ఈ మరణాలు ఆగవని ఆ దంపతులు గ్రహించారు. జబ్బుల్లో చాలావాటికి మూలం చెడునీరు, చాలని తిండి, మూఢనమ్మకాలు. ఊరివారు కూడా మొదట కోరింది మందులు కాదు. తాగడానికి నీరు, తినడానికి తిండి. అందువల్ల అక్కడ వైద్యం నీటితో మొదలైంది. ఊళ్లలో రైతుల సంఘాలు ఏర్పడ్డాయి. బోరుబావులు తవ్వే పనిలో ఊరంతా పాలుపంచుకుంది. కొన్ని గ్రామాల్లో చేతిపంపులను దళితవాడల్లో వేశారు. అంతవరకు ఆ వాడవారిని తమ బావి దగ్గరకు రానివ్వనివారే నీటికోసం అక్కడికి వెళ్లవలసి వచ్చింది.

పల్లెల్లో వైద్యసేవకు మొదట శిక్షణ పొందిన నర్సులను పంపి చూశారు. బయటి నుంచి వచ్చినవారితో ఊరి స్త్రీలు మనసు విప్పి మాట్లాడలేకపోయారు. అప్పుడు ఒక కొత్త ఆలోచన వచ్చింది. ప్రతి ఊరూ తనలో నుంచే ఒక స్త్రీని గ్రామ ఆరోగ్య కార్యకర్తగా ఎన్నుకోవాలి. అలా ఎన్నికైనవారిలో చాలామంది అక్షరం ముక్క రానివారు. దళిత కుటుంబాలవారూ అందులో ఎందరో ఉన్నారు. వారు జామ్‌ఖేడ్ కేంద్రానికి క్రమం తప్పకుండా వచ్చి పాఠాలు విని, తిరిగి వెళ్లి ఇంటింటా చెప్పేవారు. వారు నేర్చుకున్నది తమ దగ్గరే దాచుకోలేదు. ఊరందరికీ పంచిపెట్టడమే వారి పని.

ఒక ఉదాహరణ చూద్దాం. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీళ్లు ఇవ్వకూడదన్న అపోహ మన దేశంలో చాలాచోట్ల ఉండేది. నిజానికి ఒంట్లోని నీరు, లవణాలు పోవడం వల్లనే బిడ్డ ప్రాణానికి ముప్పు వస్తుంది. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తే ఆ ముప్పు తగ్గుతుంది. ఈ సంగతి తెలిసిన తల్లి బిడ్డను చూస్తూ ఏడుస్తూ కూర్చోదు. ఇంట్లోనే చికిత్స మొదలుపెడుతుంది. కళ్లు లోతుకు పోయి బిడ్డ సోలిపోతుంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని కూడా ఆమెకు తెలుసు.

కుష్ఠువ్యాధి విషయంలోనూ ఇంతే. జబ్బు గురించి ఊరికి నిజం తెలియడంతో వెలివేయడం తగ్గింది. రోగులు తమవారి మధ్యనే ఉండి మందు వాడుకోగలిగారు. స్త్రీలు మహిళా వికాస మండలులుగా ఏర్పడి గర్భిణుల ఆరోగ్యం, పిల్లల టీకాలు, పరిశుభ్రత గురించి చర్చించుకున్నారు. క్రమంగా శిశుమరణాలు బాగా తగ్గాయి. 1979లో ఆరోలే దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఆరోగ్య సేవలను నిర్ణయించడంలో ప్రజలకు పాలు ఉండాలని 1978లో ఆల్మా అటా నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రకటించింది. మన దేశంలో 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఊరి స్త్రీలనే ఆశా కార్యకర్తలుగా నియమించారు. 2007లో మహారాష్ట్రలోని కొన్ని జిల్లాల్లో ప్రజలే ఆరోగ్య సేవలను పరిశీలించే పద్ధతి ప్రారంభమైంది. ఆసుపత్రిలో మందులు దొరుకుతున్నాయా, నర్సు ఊరికి వస్తున్నదా అని గ్రామ సంఘాలు విచారించి, బాగుంటే పచ్చరంగు, ఒక మోస్తరుగా ఉంటే పసుపు, బాగాలేకపోతే ఎరుపు రంగు వేసి పట్టిక తయారుచేశాయి. బహిరంగ సభల్లో అధికారుల ముందు దానిని ఉంచాయి. ఒంటరిగా అడగలేని రోగి ప్రశ్న అక్కడ ఊరి ప్రశ్న అయింది.

2018లో జాతీయ మానవ హక్కుల సంఘం 17 హక్కులతో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. జబ్బు గురించి తనకు తెలిసిన భాషలో తెలుసుకోవడం, పరీక్షల ఫలితాలు పొందడం, మరో వైద్యుని సలహా తీసుకోవడం వాటిలో కొన్ని. రోగికి బాధ్యతలూ ఉన్నాయి. జబ్బు వివరాలు దాచకుండా చెప్పాలి. వైద్య సిబ్బందిని గౌరవించాలి.

తమ భాష వినబడని ఆసుపత్రిలో తెలుగువారైన ముసలివాళ్లు మరింత బెదురుతారు. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, కన్నడం, తమిళం లేదా ఒడియా మాట్లాడే పిల్లలు వారికి తోడుగా వెళ్లవచ్చు. వైద్యుడు చెప్పినది ఒక్కమాట వదలకుండా తెలుగులో వివరించవచ్చు. వారి సందేహాలను వైద్యునికి వినిపించవచ్చు. రెండు భాషలు వచ్చినవారు చేయగల మంచి సేవ ఇది.

ప్రశ్నలు

1. జామ్‌ఖేడ్‌లో వైద్యం నీటితో మొదలైందని ఎందుకు అన్నారు?
2. ఊరి స్త్రీనే ఆరోగ్య కార్యకర్తగా ఎన్నుకోవడం వల్ల కలిగిన మేలేమిటి?
3. రోగికి ఉన్న హక్కులు, బాధ్యతలు రాయండి.
4. మీ ఊరి ఆశా కార్యకర్తను కలిసి, ఆమె చేసే పనులను పది వాక్యాల్లో రాయండి.