వడదెబ్బ ఎలా తగులుతుంది?

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అంటారు. రోళ్ళ మాట ఎలా ఉన్నా, మనుషులు మాత్రం పడిపోతున్నారు.

2015 మే నెల ఆఖరి వారం. పల్నాడులో ఒక ఊరు. రెంటచింతలకు దగ్గరే. వేసవి వచ్చిందంటే రేడియోలో, టీవీలో ఎండల వార్తకు ముందు రెంటచింతల పేరే వినపడుతుంది. అంత ఎండ అక్కడ.

ఆ ఊరి చెరువులో పూడిక తీస్తున్నారు. ఉపాధి హామీ పని. ముప్పై మంది కూలీలు ఉన్నారు. పొద్దున ఏడు గంటలకు మొదలుపెట్టారు. పదకొండు అవుతోంది. కొలత ఇంకా తెగలేదు. కొలత తెగకపోతే కూలి తగ్గుతుంది. అందుకని ఎవరూ పార కింద పెట్టలేదు. ఇంటి నుంచి రెండు బిందెల నీళ్ళు తెచ్చుకున్నారు. అవి తొమ్మిదికే అయిపోయాయి.

తట్ట మోస్తున్న ఒక పెద్దమ్మ గట్టు మీద ఆగింది. అటూ ఇటూ చూసింది.

"మా గేదె ఏదే? కట్టు తెంచుకుని ఎటు పోయిందే?" అంది.

అందరూ నవ్వారు. పెద్దమ్మ గేదెను అమ్మి రెండేళ్ళయింది.

"ఏంది పెద్దమ్మా, పొద్దున్నే కల కన్నావా?" అన్నాడు ఒక కుర్రాడు.

పెద్దమ్మ నవ్వలేదు. తట్ట జారిపోయింది. మోకాళ్ళ మీద కూలబడి పక్కకు ఒరిగింది. కళ్ళు తేలేసింది. ఒళ్ళు పట్టుకుని చూస్తే పెనం లాగా కాలుతోంది.

"మజ్జిగ పొయ్యండి, నోట్లో మజ్జిగ పొయ్యండి" అని ఒక బాబాయి చెంబు తెచ్చాడు.

"వద్దు బాబాయ్, పొయ్యొద్దు!" అని ఒక అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ అమ్మాయి సాయంత్రాలు సాక్షర భారత్ కేంద్రానికి వెళ్తుంది. అంతకు ముందు వారమే ఆశ అక్క కేంద్రానికి వచ్చి వడదెబ్బ గురించి చెప్పి, ఒక కాగితం ఇచ్చి వెళ్ళింది. ఆ కాగితాన్ని అమ్మాయి కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. "స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్ళు తడపాలి బాబాయ్. ముందు ఒళ్ళు చల్లబరచాలి."

తుమ్మచెట్టు నీడకు మోసుకుపోయారు. చీర కొంగు వదులు చేశారు. మగవాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు. చెరువు గుంటలో మిగిలిన నీళ్ళు తెచ్చి తల మీద, మెడ మీద, ఒళ్ళంతా పోశారు. తువ్వాళ్ళతో విసిరారు. ఇంకొకరు 108కి ఫోను చేశారు. బండి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ తడపడం ఆపలేదు. ఆసుపత్రిలో చూస్తే అప్పటికీ 104 డిగ్రీల వేడి ఉంది. పెద్దమ్మ బతికింది. ఆరు రోజులకు ఇంటికి వచ్చింది.

ఆ వారంలోనే అదే వీధిలో ఒక తాత చనిపోయాడు. ఆయన ఎండలోకి వెళ్ళనే లేదు. రేకుల ఇంట్లో నులక మంచం మీద పడుకున్నాడు. రాత్రి కూడా రేకు వేడి దిగలేదు. తెల్లారి చూస్తే ప్రాణం లేదు. "వయసు అయిపోయింది" అన్నారు అందరూ. వడదెబ్బ అని ఎవరూ అనుకోలేదు. ఇట్లాంటి చావులు చాలా వరకు లెక్కలోకి రావు.

ఆ వేసవిలో దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే. అంతకు ముందు 2003లో కూడా ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. వీరిలో మేడలో ఉండేవాళ్ళు ఎందరు? కూలీలు, ముసలివాళ్ళు, మేకల కాపరులు, రిక్షా లాగేవాళ్ళు, ఇల్లూ నీడా లేనివాళ్ళు. ఎండ అందరి మీదా ఒకేలా కాస్తుందంటారు. అది నిజం కాదు.

కుండను చూస్తే తెలుస్తుంది

వడదెబ్బ గాలి సోకడం కాదు, దయ్యం పట్టడం కాదు. అదేమిటో తెలియాలంటే ఇంట్లో కుండను చూడండి.

కొత్త కుండలో నీళ్ళు పోస్తే కాసేపటికి బయట చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆరేటప్పుడు కుండలోని వేడిని తీసుకుపోతుంది. అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. మన ఒళ్ళు కూడా అంతే. మన ఒంట్లో ఎప్పుడూ 98.6 డిగ్రీల వేడి ఉంటుంది. కొంచెం అటూ ఇటూ. పని చేస్తే ఒంట్లో వేడి పుడుతుంది. బయట ఎండ ఇంకా వేడి పెంచుతుంది. అప్పుడు చెమట పడుతుంది. చెమట ఆరుతుంటే ఒళ్ళు చల్లబడుతుంది.

ఇప్పుడు రెండు సంగతులు గమనించండి.

ఒకటి. కుండలో నీళ్ళు అయిపోతే ఇక చెమర్చదు. ఎర్రటి ఎండలో బరువు పని చేసే మనిషికి గంటకు ఒక లీటరు దాకా చెమట పోతుంది. ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. పోయిన నీళ్ళు మళ్ళీ ఒంట్లో పడకపోతే నెత్తురు చిక్కబడుతుంది. గుండె మీద బరువు పడుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి.

రెండు. వానాకాలంలో కుండ నీళ్ళు అంత చల్లగా ఉండవు. ఎందుకని? గాలిలో అప్పటికే తేమ ఉంది. కుండ మీది చెమ్మ ఆరదు. కాకినాడలో, విశాఖపట్నంలో సముద్రం పక్కన ఉక్కపోత ఇట్లాంటిదే. అక్కడ 38 డిగ్రీలే ఉండవచ్చు. రెంటచింతలలో 45 ఉండవచ్చు. అయినా సముద్రం పక్క మనిషికి చెమట కారుతుంది గాని ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే డిగ్రీల అంకె ఒక్కటే చూసి "ఇవ్వాళ ఎండ తక్కువే" అనుకోకూడదు.

ఒంటి వేడి 104 డిగ్రీలు దాటితే మెదడు పని తప్పుతుంది. మనిషి పొంతన లేని మాటలు మాట్లాడతాడు. తూలుతాడు. మూర్ఛ రావచ్చు. అదే వడదెబ్బ. పెద్దమ్మ గేదె కోసం వెతికింది అందుకే. అప్పుడు నవ్వినవాళ్ళు తర్వాత చాలా బాధపడ్డారు.

చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. ముసలివాళ్ళకు, ఇంట్లో ఉన్నవాళ్ళకు ఒళ్ళు పొడిగా కాలవచ్చు. కాని పని చేస్తూ పడిపోయిన మనిషికి చెమట కారుతూనే ఉండవచ్చు. చెమట కోసం చూడవద్దు. మాట చూడండి. మాట తేడాగా ఉంటే ఇక ఆలస్యం చెయ్యవద్దు.

దానికి ముందు ఒళ్ళు కొన్ని కబుర్లు పంపుతుంది. పిక్కలు పట్టేస్తాయి. తల నొస్తుంది, తిరుగుతుంది. వాంతి వస్తుంది. మూత్రం పచ్చగా, కొంచెమే వస్తుంది. అప్పుడే పని ఆపి నీడకు వచ్చి నీళ్ళు తాగితే చాలావరకు వడదెబ్బ దాకా పోదు.

ఆడవాళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. చాలామంది ఆడవాళ్ళు పనికి పోయే ముందు కావాలనే నీళ్ళు తాగరు. చెరువు పని చోట చాటు ఉండదు. మూత్రానికి వెళ్ళాలంటే సిగ్గు. దాహాన్ని అణచుకుంటారు. పెద్దమ్మ కూడా ఆ రోజు ఇంట్లో ఒక్క గ్లాసే తాగి వచ్చింది. ఆశ అక్క అడిగితే చెప్పింది. ఇది ఆడవాళ్ళ తప్పు కాదు. నాలుగు కర్రలు, రెండు గోనె పట్టాలు కడితే చాటు అవుతుంది. అది అడగడానికి సిగ్గు పడనక్కరలేదు. పని చోట తాగే నీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ రోజుల్లో ఉపాధి హామీ చట్టంలోనే రాసి ఉంది. ఆ చెరువు దగ్గర మాత్రం మూడూ లేవు.

ఎండలు ఎందుకు పెరుగుతున్నాయి?

"మా చిన్నప్పుడు ఇంత ఎండ లేదు" అని తాతలు అంటారు. ఎప్పటి తాతలైనా ఆ మాట అంటారులే అని కొట్టిపారేస్తాం. కాని ఈసారి తాతల మాట నిజం.

భూమి చుట్టూ గాలి ఉంది. ఆ గాలిలో బొగ్గుపులుసు వాయువు కొంచెం ఉంటుంది. దీన్నే కార్బన్ డయాక్సైడ్ అంటారు. ఇది దుప్పటి లాంటిది. ఎండకు కాగిన నేల రాత్రి వేడిని పైకి వదులుతుంది. ఆ వేడిని ఇది కొంత పట్టి ఉంచుతుంది. అసలు దుప్పటే లేకపోతే భూమి గడ్డకట్టిపోతుంది. దుప్పటి మందమయితే ఉడుకుతుంది.

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండిస్తే ఈ వాయువు పుడుతుంది. రామగుండంలో బొగ్గు మండితే కరెంటు వస్తుంది. ఆ కరెంటుతోనే మన ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను వద్దని ఎవరూ అనలేరు. కాని ప్రపంచమంతా రెండు వందల ఏళ్ళుగా మండిస్తూనే ఉంది. మిల్లులు మొదలు కాకముందు పది లక్షల పాళ్ళ గాలిలో ఈ వాయువు 280 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. భూమి సగటు వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగింది. లెక్కలు రాయడం మొదలుపెట్టిన తర్వాత అన్నిటికన్నా వేడి ఏడాది 2024.

ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది. అది సగటు. సగటు ఒక డిగ్రీ పెరిగితే వడగాలి రోజులు పెరుగుతాయి. రాత్రుళ్ళు చల్లబడవు. పగలు కాగిన ఒళ్ళు రాత్రి తేరుకోవాలి. తేరుకోకపోతే మర్నాటి ఎండకు తట్టుకోలేదు. అందుకే వరసగా మూడు నాలుగు రోజులు ఎండలు కాస్తే చావులు పెరుగుతాయి. రేకుల ఇంట్లో తాత పోయింది ఇట్లాగే.

ఈ పొగలో ఎక్కువ భాగం పెద్ద దేశాలు, పెద్ద ఫ్యాక్టరీలు, పెద్ద కార్లు వదిలినదే. చెరువులో మట్టి మోసే మనిషి వదిలిన పొగ ఎంత? ముందుగా పడిపోయేది మాత్రం ఆ మనిషే.

ఎండను ఆపలేకపోయినా చావును ఆపవచ్చు. 2010 మే నెలలో అహ్మదాబాదులో 46 డిగ్రీలు దాటి ఎందరో చనిపోయారు. 2013లో ఆ నగరం ఒక పథకం పెట్టుకుంది. ఎండ ముదిరే ముందే హెచ్చరిక, ఆసుపత్రుల్లో ఏర్పాటు, పని వేళల మార్పు. తర్వాత మన రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టాయి. చలివేంద్రాలు పెరిగాయి. పనులు తెల్లవారుజామున మొదలయ్యాయి. 2015 నాటి చావుల లెక్క తర్వాతి ఏళ్ళలో బాగా తగ్గింది.

చేతిలో ఉన్న పని

మనిషి పడిపోతే నీడకు చేర్చండి. బట్టలు వదులు చెయ్యండి. ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. 108కి ఫోను చెయ్యండి. బండి వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. జ్వరం బిళ్ళ వెయ్యవద్దు. ఇది జ్వరం కాదు, ఆ బిళ్ళకు తగ్గదు. ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే వడదెబ్బ తగలదని కొందరు అంటారు. మజ్జిగన్నంలో నంజుకుంటే మంచిదే. జేబులో ఉంటే జేబు వాసన వస్తుంది, అంతే.

స్పృహలో ఉండి, మాట సరిగా ఉన్న మనిషికి ఓఆర్‌ఎస్ తాగించవచ్చు. ప్యాకెట్టు మీద రాసింది చదవండి. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్ళకు. ఆ ఊళ్ళోనే ఒకావిడ ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కలిపి కొడుక్కు పట్టింది. ఉప్పు ఎక్కువై వాడికి వాంతులు పెరిగాయి. ప్యాకెట్టు లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగినా, గంజి తాగినా మేలే.

రేకుల ఇంటి మీద తెల్ల సున్నం పూస్తే, తాటాకులు పరిస్తే లోపల వేడి తగ్గుతుంది. ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి పలకరించండి. బీపీ బిళ్ళలు వాడేవాళ్ళు ఎండాకాలానికి ముందు డాక్టరును అడగండి. సొంతంగా మానవద్దు.

పెద్దమ్మ ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి కేంద్రంలో పలక మీద ఒక లెక్క వేసింది. మీరూ వెయ్యండి.

ఎండలో పని చేసే మనిషికి గంటకు 3 గ్లాసుల నీళ్ళు కావాలి. 4 గ్లాసులు ఒక లీటరు. పని 4 గంటలు. ఒక్కరికి ఎన్ని లీటర్లు? 30 మందికి ఎన్ని? బిందెకు 15 లీటర్లు పడతాయి. ఎన్ని బిందెలు కావాలి?

అమ్మాయికి 6 బిందెలు అని వచ్చింది. ఆ రోజు చెరువు దగ్గర ఉన్నవి రెండు. మర్నాడు ఆ పలకనే మేటు దగ్గరకు తీసుకుపోయి చూపించింది.

మీ పని చోట ఎంతమంది ఉన్నారు? ఎన్ని బిందెలు వస్తున్నాయి?