ఆటుకీ పోటుకీ మధ్య కాంక్రీటు

విశాఖ రేవులో పని నేర్చుకుని కెనడా తూర్పు తీరానికి వెళ్తున్న కుర్రాళ్లు అడుగుతుంటారు, "అక్కడ కొత్తగా ఏం తెలుసుకోవాలి సార్?" అని. ఉప్పు సంగతి మనకు తెలిసిందే. దానికి మంచు తోడైతే లెక్క మారుతుంది.

1. ముందు నీటి మట్టం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఆడుతుందో చూడండి. ఎప్పుడూ మునిగి ఉండే కాంక్రీటుకు అంత భయం లేదు. తడుస్తూ ఆరుతూ ఉండే పట్టీయే ముందు పోతుంది. మన ఐ.ఎస్. 456 కూడా పూర్తిగా మునిగినదాన్ని 'సివియర్' అనీ, ఆటుపోట్ల మధ్య ఉన్నదాన్ని 'ఎక్స్‌ట్రీమ్' అనీ అంటుంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ట్రీట్ ఐలాండ్‌లో ఆర్మీ ఇంజనీర్లు 1936లో మొదలుపెట్టిన పరీక్షా కేంద్రంలో కాంక్రీటు దిమ్మెలు ఉండేది సరిగ్గా ఈ పట్టీలోనే. పోటుకు మునుగుతాయి, ఆటుకు బయటపడి చలిగాలికి గడ్డకడతాయి, మళ్లీ పోటు వచ్చి కరిగిస్తుంది. ఒక్క చలికాలంలో ఇలా వందకు పైగా సార్లు.

2. గాలిని కొలవండి. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు చోటు కావాలి. ఎయిర్ ఎంట్రెయినింగ్ మందు వేసి కంటికి ఆనని బుడగలు పుట్టించేది అందుకే. 20 మి.మీ. కంకరకు ఐ.ఎస్. 456 చెప్పేది 5 శాతం, ఒకటి అటూ ఇటూ. వైబ్రేటర్ సరిగా పట్టక మిగిలిపోయే బొక్కలు వేరు. ఆ తేడా తెలియనివాడికి ఈ పని అప్పగించకూడదు. ఒక్కో శాతం గాలికి బలం సుమారు 5 శాతం తగ్గుతుంది. కాబట్టి గాలి తక్కువైన లోడే 28 రోజుల పరీక్షలో దర్జాగా పాసవుతుంది, తర్వాత చలికాలాల్లో పొరలు పొరలుగా లేస్తుంది. రిపోర్టులో అంకె చూసి మురిసిపోకండి. మీటరు లారీ దగ్గరే కాదు, పంపు గొట్టం చివర కూడా పెట్టండి. పంపులో కొంత గాలి పోతుంది.

3. సముద్రపు నీళ్లలో ఉప్పు సుమారు 3.5 శాతం. గడ్డకట్టేటప్పుడు పైపొరను ఎక్కువగా ఊడగొట్టే గాఢత కూడా దాదాపు అంతే. ఎవరో కొలిచి పోసినట్టుంది! కాబట్టి పైపొరను బలహీనం చేసే పని ఏదీ వద్దు: ఫినిషింగ్‌లో తాపీ జారడానికి మేస్త్రీ నీళ్లు చిలకరిస్తుంటే ఆపించండి.

4. చువ్వల మీది కాంక్రీటు కవరు 75 మి.మీ. అంటే 75. పోత పోయకముందే టేపు పెట్టి చూడండి. బైండింగ్ వైరు కొసలు లోపలికి వంచించండి.

5. సముద్రం కదా అని సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటుకు పట్టుబట్టకండి. చువ్వల్ని తినేది క్లోరైడు; దాన్ని పట్టి ఉంచే అల్యూమినేటు ఆ సిమెంటులో తక్కువ. స్లాగ్ కలిపినది మేలు. అయితే స్లాగ్ మరీ పెంచితే మంచుకు పైపొర ఊడుతుంది.

6. వీలైతే కెనడా తూర్పు తీరంలోనే 1997లో తెరిచిన కాన్ఫెడరేషన్ వంతెన చూసి రండి. పొడవు 12.9 కి.మీ., నూరేళ్లకు డిజైన్ చేశారు. స్తంభాలకు నీటి మట్టం దగ్గర శంకువు ఆకారపు కవచాలుంటాయి. తేలివచ్చే మంచుపలక వాటి మీదికెక్కి వంగి విరుగుతుంది.

7. పెచ్చులూడిన చోట మాత్రమే పూత పూసి వస్తే దాని చుట్టూ కొత్త పెచ్చులు లేస్తాయి. ఇన్నాళ్లూ పాత తుప్పు చోటు కాపాడుతూ వచ్చిన, ఉప్పు పట్టిన పక్క చువ్వ ఇప్పుడు తుప్పు పట్టడం మొదలెడుతుంది. చువ్వ వెనక్కి వేలు దూరేదాకా చెక్కించండి, ఆ ఖర్చు టెండర్‌లోనే రాయించండి.