పెద్ద కార్బ్యురేటర్ పెడితే పవర్ పెరుగుతుందా?

ఫోర్డ్ 300 ఇంజిన్ గురించి విన్నారా? ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. 1965 నుంచి 1996 దాకా అమెరికాలో ఫోర్డ్ పికప్ ట్రక్కుల్లో వచ్చింది. 1987లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేదాకా దీనికి సింగిల్ బ్యారెల్ కార్బ్యురేటరే. అందుకే పాత ట్రక్కు చేతికి రాగానే 'పెద్దది పెట్టేద్దాం' అనిపిస్తుంది. ఆగండి, ముందు లెక్క చూద్దాం.

ఇంజిన్ సైజు 300 ఘనపు అంగుళాలు. ఫోర్ స్ట్రోక్ కదా, రెండు చుట్లకి ఒకసారే అంత గాలి పీలుస్తుంది. 3600 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1800 సార్లు, అంటే 5,40,000 ఘనపు అంగుళాలు. 1728తో భాగిస్తే సుమారు 312 ఘనపు అడుగులు. సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 80 శాతం వేసుకుంటే 250.

ఇప్పుడు దీనికి 600 రేటింగ్ ఉన్నది బిగించామనుకోండి. వెంచురీలో గాలి వేగం తగ్గుతుంది, పీడనం చాలినంత పడిపోదు, పెట్రోలు తుంపరలుగా విడిపోదు. సెకండియర్‌లో మనల్ని ఏడిపించిన బెర్నౌలీయే ఇక్కడా! బరువులాగే బండికి తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ కావాలి, సరిగ్గా అక్కడే ఇంజిన్ తడబడుతుంది. హోలీ 390 ఫోర్ బ్యారెల్ లాంటిదైతే సరిపోతుంది, దానికి తగ్గ మానిఫోల్డ్ కూడా మార్చాలి.

బిగించాక కొన్నాళ్లు నడిపి, ఆరు ప్లగ్గులూ తీసి వరుసగా పెట్టి చూడండి. కార్బ్యురేటర్ మధ్యలో ఉంటుంది, ఒకటో సిలిండరూ ఆరోదీ దూరం. ఆ రెండే తెల్లగా, మధ్యవి నల్లగా ఉంటే జెట్లు మార్చి లాభం లేదు, తేడా మానిఫోల్డ్ పంపకంలో ఉంది.