ఎత్తు చెప్పుల నడక

పెనుగొండ

చి. బుజ్జమ్మకు అత్తయ్య దీవించి రాయునది.

కాలేజీ ఫ్యాషన్ షో కోసం నాలుగున్నర అంగుళాల పెన్సిల్ హీల్స్ కొన్నావనీ, నాలుగడుగులు వేసేసరికి చీలమండ మెలిక పడిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మానెయ్యమని రాస్తాననుకున్నావేమో, రాయను. 2025 మే నెలలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు ఆ పిల్లల నడక నేనూ టీవీలో కళ్లార్పకుండా చూశాను. అంతెత్తు మడమల మీద అలా నడవడం ఎవరికీ పుట్టుకతో రాదు. సాధన చేస్తే నీకూ వస్తుంది. కాకపోతే కాళ్లు పాడుచేసుకోకుండా నేర్చుకోవాలి.

అసలా చెప్పు నడక కోసం పుట్టింది కాదు తల్లీ. పూర్వం పారశీక రౌతులు గుర్రం మీద లేచి నిలబడి బాణం వేసేటప్పుడు రికాబులోంచి పాదం జారకుండా మడమ ఎత్తు జోళ్లు తొడిగేవారు. యూరప్‌లో కూడా మగవాళ్లు వాటి మీద మోజుపడ్డారు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమల జోళ్లు వేసుకునేవాడు. అందుకని తూలిపోయానని చిన్నబుచ్చుకోకు.

నువ్వు కొన్న ఆ పెన్సిల్ హీల్స్ జత కొన్నాళ్లు అటక మీద పెట్టు. రెండంగుళాల బ్లాక్ హీల్స్‌తో మొదలుపెట్టు, చీలమండ దగ్గర పట్టీ ఉన్నవైతే పాదం కదలదు. సాయంత్రం పూట కొనుక్కో, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సరైన సైజు తెలుస్తుంది. ఇంట్లో తడి లేని గచ్చు మీద రోజూ పావుగంట నడువు. అవి అలవాటయ్యాకే ఎత్తు పెంచు.

మన పొలం గట్టు మీద ఎలా నడిచేదానివో గుర్తుందిగా? పెద్ద అంగ వేస్తే చేలో పడతాం. చిన్న అడుగులు, ఒక పాదం ముందు ఇంకో పాదం, చూపు ఎదురుగా. ఇక్కడా అంతే. ముందు మడమ మెత్తగా ఆనించి, వెంటనే మునివేళ్ల మీదికి బరువు తీసుకో. భయంతో మోకాళ్లు వంచేస్తే నడక కుంగిపోతుంది. పొట్ట కొంచెం లోపలికి లాగితే నడుము మీద భారం తగ్గుతుంది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలకు, పాదం కాస్త పక్కకి తిప్పి పూర్తిగా ఆనించు.

మడమ కింద చిన్న రబ్బరు ముక్క ఉంటుంది, చూశావా? అది అరిగిపోతే లోపలి మేకు బయటపడి పాలరాతి మీద జర్రున జారుతుంది. వారానికోసారి చెప్పు తిరగేసి చూడు. అరిగితే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మార్పించు.

మడమ లేచేకొద్దీ ఒంటి బరువంతా మునివేళ్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి హీల్స్ వేసుకున్నవాళ్ల పిక్క కండరాల పోగులు కురచబడి, మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు బిగుసుకుపోతోందని 2010లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అందుకే చెప్పులు విప్పాక గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి అదిమి అరనిమిషం ఉండు. తర్వాత రెండోకాలు. సెలవలకి వచ్చినప్పుడు వాసవీ అమ్మవారి గుడిలో వట్టికాళ్లతో ప్రదక్షిణలు చేద్దాం, పాదం మొత్తం నేలకి ఆనుతోందో లేదో నీకే తెలుస్తుంది.

ఇష్టపడి వేసుకున్నంతకాలమే అది అలంకారం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2017లో, ఉద్యోగినుల చేత బలవంతంగా హీల్స్ వేయించకూడదని నిబంధన తెచ్చింది. రేపు నీ ఉద్యోగంలో ఎవరైనా అలా ఒత్తిడి చేస్తే కుదరదని చెప్పు. షో రోజున సంచిలో మెత్తటి ఫ్లాట్ చెప్పులు పెట్టుకో, వేదిక దిగగానే మార్చుకో. చీలమండ వాపు వారంలో తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించు. అది పూర్తిగా నయమయ్యేదాకా సాధన జోలికి పోకు.

నిన్ను స్టేజీ మీద చూడాలని నాకూ ఉంది. తేదీ ఖాయం కాగానే రాయి, మీ మావయ్యా నేనూ బయల్దేరి వస్తాం.

ఇట్లు,
మీ అత్తయ్య