సమస్యా పరిష్కార శక్తి – కొలమానం

గోదావరిఖని భూగర్భ గనిలో మైనింగ్ సర్దారుకు ఎదురయ్యే సమస్య ప్రశ్నపత్రంలోని సమస్య వంటిది కాదు. ప్రశ్నపత్రంలో కావలసిన సమాచారమంతా ముందే ఉంటుంది. గనిలో గాలి మందగిస్తే కారణం వెంటనే కనబడదు. ముందుగా కార్మికులను సురక్షిత స్థలానికి పంపాలి. ఆ తరువాత తలుపు తెరచి ఉండిపోయిందా, దారిలో పైకప్పు కూలిందా, ఫ్యాను వేగం తగ్గిందా అని ఒక్కొక్కటిగా పరీక్షించాలి. గాలిలో మీథేను 5 నుండి 15 శాతం వరకు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు, విస్ఫోటనం సంభవిస్తుంది. ముప్పు వాయువు వల్లనే రానక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసారు. క్షణక్షణం మారే పరిస్థితిని గ్రహించే నేర్పు ఎంత విలువైనదో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నేర్పును కొలవడమెలా? జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త డీట్రిచ్ డోర్నర్, ఆయన సహచరులు 'లోహౌజెన్' అనే ఊహాపట్టణాన్ని కంప్యూటరులో సృష్టించారు. 48 మందిలో ఒక్కొక్కరూ కంప్యూటరు లెక్కలో పదేండ్లు దానికి మేయరుగా వ్యవహరించారు. ఫలితాలు 1983లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. విజయం సాధించినవారు "ఎందుకు?" అని ప్రశ్నించి, తమ ఊహలను పరీక్షించుకొన్నారు. విఫలురు ఏ విషయంలోనూ నిలువక ఒకదాని నుండి మరొకదానికి దూకారు.

2012లో ఓ.ఇ.సి.డి. 'పీసా' పరీక్షలో భాగంగా 44 దేశాల, ప్రాంతాల పదిహేనేండ్ల విద్యార్థులకు ఇటువంటి పరీక్షనే నిర్వహించింది. అందులో ఒక ప్రశ్న ఇది: కొత్త ఏసీ యంత్రానికి మూడు మీటలున్నాయి; ఏది ఉష్ణోగ్రతను, ఏది తేమను మారుస్తుందో వివరించే పుస్తకం లేదు. మూడింటినీ ఒకేసారి కదిపినవానికి ఏమీ తేలదు. ఒక్కదానిని కదిపి, తక్కినవాటిని కదపకుండా గమనించినవానికి రహస్యం బోధపడుతుంది. జవాబునే కాక, దానికి చేరిన మార్గాన్ని కూడా కంప్యూటరు నమోదు చేస్తుంది.

తెలంగాణ ఎంసెట్ 2018లో కంప్యూటరుకు మారింది. కాని కాగితం తెర అయినదే గాని ప్రశ్న స్వభావం మారలేదు. నాలుగు జవాబులలో ఒకదానిని ఎన్నుకోవడమే.

తెరపై చేసిన పొరపాటుకు ప్రాణనష్టం లేదు. అదే ఈ పరీక్ష సుగుణం, అదే దాని పరిమితి. గనిలోని చీకటిని, భయాన్ని అది కొలవలేదు. అయినా తొందరపడక ఒక్కొక్కటిగా పరీక్షించే అలవాటును నేర్పగలిగితే అదే గొప్ప మేలు.

అర్థాలు
విస్ఫోటనం = పేలుడు
అసువులు బాయు = మరణించు

ప్రశ్నలు
1. లోహౌజెన్ ప్రయోగంలో విఫలుర లోపమేమి?
2. కంప్యూటరుపై జరిగే ప్రతి పరీక్షా సమస్యా పరిష్కార శక్తిని కొలుస్తుందా? చర్చించండి.